గేదె ఎందుకు తన్నుతోంది? – పాడి రైతుల ఫోన్-ఇన్

యాంకర్: పశువు తీరు చూసి జబ్బును పసిగట్టడం ఎలాగో పశువైద్యులు చెబుతున్నారు. మొదటి కాల్ ప్రకాశం జిల్లా నుంచి.

రైతు: నమస్కారమండీ డాక్టరు గారూ. మాది ముర్రా గేదె, రెండో ఈత. పూటకు ఐదు లీటర్లిచ్చేది. ఇప్పుడు రెండు కూడా రావట్లేదు. పాలు చేపడం లేదండీ, తంతోంది. దాణాకు లోటు లేదు, మా బావమరిది పత్తిచెక్క తెచ్చాడు, అదీ పెడుతున్నా. పాలు దిగే ఇంజెక్షన్ ఏదన్నా చెబితే...

డాక్టర్: ఇంజెక్షన్ సంగతి తర్వాత. ఎన్నాళ్ల నుంచి?

రైతు: పది రోజులండీ. మా ఆవిడ అమ్మాయి పురిటికని వెళ్లింది. అప్పట్నుంచి నేనే పిండుతున్నా. మొన్న బకెట్ తన్నేసింది. పొగరెక్కిందని నాలుగు తగిలించా.

డాక్టర్: అయ్యో, కొట్టకండి. మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వస్తేనే పాలు దిగుతాయి. గేదె బెదిరితే అడ్రినలిన్ అనే మరో హార్మోన్ వచ్చి దాన్ని ఆపేస్తుంది. కొట్టినకొద్దీ పాలు ఎగచేపుతుంది. సరే, పక్కన కూర్చోగానే తంతోందా, చెయ్యి వేశాకా?

రైతు: కూర్చుంటే ఏమనదండీ. చెయ్యి వేస్తేనే. ఆ ఇంజెక్షన్ వేస్తే చేపుతుందని పక్కింటాయన...

డాక్టర్: వద్దంటున్నా కదండీ! పాల కోసం పశువు ఆరోగ్యం చెడేలా సూది వేస్తే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. నాలుగు చన్నుల్లో ఏది పట్టుకున్నా తంతోందా, ఒక్కటేనా?

రైతు: కుడివైపు రెండూ బానే పిండించుకుంటుందండీ. ఎడమ వెనక చన్ను ముట్టుకుంటేనే. దూడ అటు మూతి పెట్టినా తోసేస్తోంది.

డాక్టర్: దూడనే తోసేస్తోందా? అయితే చెయ్యి మారినందుకు కాదు, అక్కడ నొప్పి ఉంది. పొదుగువాపు మొదలై ఉండొచ్చు. ఈ పూట ఆ చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి, పాలు విరిగినట్టుండే తరకలుంటే తెలుస్తాయి. తరకలు లేకపోయినా రేపు ఆసుపత్రిలో పాలు పరీక్ష చేయించండి. ఆ చన్ను ఆఖర్న పిండండి, ఆ పాలు పారబోయండి. పిండగానే గడ్డి వెయ్యండి. అరగంట నిలబడే ఉంటే చన్ను రంధ్రం మూసుకుంటుంది, మురికి లోపలికి పోదు. ఇక కొట్టకండి, నొప్పికి తోడు భయం కూడా ఎందుకు?

రైతు: వెనక నుంచి వెళ్లినా ఉలిక్కిపడుతోందండీ.

డాక్టర్: సరిగ్గా వెనకున్నది పశువుకు కనబడదు. పిలుస్తూ, పక్క నుంచి వెళ్లండి.

రైతు: సరేనండీ. మరి ఆ ఇంజెక్షన్...

యాంకర్: ధన్యవాదాలండీ. తర్వాత నల్గొండ.

మహిళా రైతు: సార్, మా ఆవు వీపు వంచి నిలబడుతుంది. చెరువుకట్ట ఎక్కుతది గానీ దిగమంటే దిగుతలేదు.

డాక్టర్: ముందుకాళ్ల మోచేతులు బయటికి పెడుతోందా?

మహిళా రైతు: అవును సార్.

డాక్టర్: మేతలో ఇనుప తీగముక్కో మేకో మింగి ఉంటుందమ్మా. పల్లానికి దిగితే బరువు ముందుకు పడి అది కడుపులో గుచ్చుకుంటుంది. అక్కడికి గుండె దగ్గరే. నాటుమందులతో రోజులు గడపకండి, ఇప్పుడే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చెయ్యండి.

యాంకర్: ఆఖరి కాల్.

రైతు: మా ఎద్దు చొంగ కారుస్తోందండీ, బొంగురుగా అరుస్తోంది. గొంతులో ఏదో అడ్డుపడిందని చెయ్యి పెట్టి చూశా.

డాక్టర్: ఆగండి. ఈమధ్య కుక్క కరిచిందా?

రైతు: నెల కింద పిచ్చికుక్క మందలో పడిందండీ.

డాక్టర్: ముందు మీ సంగతి చూడండి. చేతులు సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడుక్కుని, ఇవాళే ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. ఎద్దు దగ్గరికి ఎవర్నీ పోనివ్వకండి. వింటున్న అందరికీ చెబుతున్నా, చొంగ కారే పశువు నోట్లో చెయ్యి పెట్టకండి. ఇంట్లో ఇంకెవరైనా చెయ్యి పెట్టారా?

రైతు: మా అబ్బాయి...

డాక్టర్: ఇద్దరూ వెళ్లండి. ఇప్పుడే.

యాంకర్: లైన్లోనే ఉండండి, మీ ఊరి వివరాలు మావాళ్లు తీసుకుంటారు. సమయం అయిపోయింది, నమస్కారం.