జర్మనీ ఊరు, స్విస్ ఖర్చులు: బ్యూసింగెన్ లెక్క

అందరికీ నమస్కారం. మీలో సర్వర్లతో పనిచేసేవాళ్లు లినక్స్‌లో టైమ్‌జోన్ లిస్టు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. అందులో జర్మనీకి రెండు పేర్లుంటాయి. ఒకటి బెర్లిన్. రాజధాని కాబట్టి సరే. రెండోది బ్యూసింగెన్. సుమారు 1,500 జనాభా ఉన్న ఊరు. మ్యూనిక్‌కు దక్కని చోటు దీనికి దక్కింది.

దానికి కారణం 1980 వేసవి. ఆ ఏప్రిల్‌లో జర్మనీ వేసవి పగటి వెలుగు కలిసొచ్చేలా గడియారాన్ని గంట ముందుకు జరిపింది. స్విట్జర్లాండ్ జరపలేదు, ఎందుకంటే 1978లోనే అక్కడి ఓటర్లు ఇలా గడియారం మార్చే చట్టాన్ని ఓడించారు. బ్యూసింగెన్ జర్మనీదే అయినా ఆ వేసవంతా స్విస్ టైమే పాటించింది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్ కూడా గడియారం మార్చుకుంది, తేడా పోయింది. కానీ 1970 తర్వాత టైమ్ తేడా వచ్చిన ప్రతి చోటుకూ ఆ లిస్టు వెనకున్న డేటాబేస్‌లో విడిగా పేరు పెడతారు. అలా ఒక్క వేసవి పుణ్యాన ఈ ఊరి పేరు లిస్టులో ఉండిపోయింది.

ఇప్పుడు మ్యాప్ చూద్దాం. రైన్ నదికి ఉత్తరపు ఒడ్డున, షాఫ్‌హౌజెన్ నగరానికి కాస్త ఎగువన ఉంది బ్యూసింగెన్. విస్తీర్ణం 7.62 చదరపు కిలోమీటర్లు. పరిపాలన జర్మనీలోని కోన్‌స్టాన్స్ జిల్లాది. చుట్టూ మాత్రం స్విట్జర్లాండే: మూడు వైపులా షాఫ్‌హౌజెన్ రాష్ట్రం, నది దాటితే జూరిచ్, తుర్గావు రాష్ట్రాలు. అసలు జర్మనీకీ ఈ ఊరికీ మధ్య అడ్డుగా ఉన్న స్విస్ నేల ఇరుకైన చోట 700 మీటర్లు కూడా లేదు. నడిస్తే పది నిమిషాల దారి.

ఆ 700 మీటర్ల వెనక ఒక పాత కక్ష ఉంది. అప్పట్లో ఊరి మీద పైఅధికారం ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ ప్రభువులది. ఊళ్లో పెత్తనం మాత్రం షాఫ్‌హౌజెన్ కుటుంబమైన ఇమ్ టుర్న్ వాళ్లది. 1693లో ఆ ఊరి దొర ఎబర్‌హార్డ్ ఇమ్ టుర్న్‌ను సొంత బంధువులే ఎత్తుకెళ్లి షాఫ్‌హౌజెన్ అధికారులకు అప్పగించారు. గొడవలో మతం ఉంది, కుటుంబ తగాదాలూ ఉన్నాయి. వాళ్లు ఆయన్ని జైల్లో వేశారు. తమ ఏలుబడిలోని మనిషిని పట్టుకుపోయారని ఆస్ట్రియా మండిపడి ఒత్తిడి తెచ్చింది. ఆరేళ్ల తర్వాత గానీ ఆయన బయటికి రాలేదు. ఆస్ట్రియా ఆ సంగతి మరిచిపోలేదు. 1770లో పక్కనున్న రామ్‌జెన్, డోర్ఫ్లింగెన్ ఊళ్ల మీది హక్కుల్ని జూరిచ్‌కు అమ్మేసింది. బ్యూసింగెన్‌ను మాత్రం అమ్మలేదు. షాఫ్‌హౌజెన్‌ వాళ్లకు ఎప్పటికీ కంట్లో నలుసులా ఉండాలనే అట్టిపెట్టుకుంది. మధ్యలోని డోర్ఫ్లింగెన్ స్విస్ వైపు వెళ్లిపోవడంతో ఈ ఊరు విడిపడిపోయింది. 1805లో వుర్టెంబర్గ్ అనే జర్మన్ రాజ్యానికి, 1810లో బాడెన్ అనే ఇంకో జర్మన్ రాజ్యానికి, ఆ దారిలో జర్మనీకి చేరింది.

మరి జనం ఏమనుకున్నారు? 1918లో ఓటేస్తే 96 శాతం స్విట్జర్లాండ్‌లో కలుస్తామన్నారు. అయినా కలవలేదు. బదులుగా ఇవ్వడానికి సరైన నేల స్విట్జర్లాండ్ చూపలేకపోయింది. చివరికి 1964లో రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి, 1967లో అది అమల్లోకి వచ్చింది. వేరెనాహోఫ్ అని మూడిళ్లున్న ఇంకో జర్మన్ ముక్క అప్పుడే స్విట్జర్లాండ్‌కు వెళ్లిపోయింది. బ్యూసింగెన్ జర్మనీలోనే ఉంటూ స్విస్ కస్టమ్స్ పరిధిలో చేరింది.

ఆ ఒప్పందంలో పోలీసుల సంఖ్య కూడా ఉంది. స్విస్ పోలీసులు ఒకేసారి పది మందికి మించకూడదు. జర్మన్ పోలీసులు ప్రతి 100 మంది నివాసులకు ముగ్గురికి మించకూడదు. జర్మన్ పోలీసులు ఊరికి రావాలంటే నిర్ణయించిన దారుల్లోనే రావాలి, స్విస్ నేల దాటేంతసేపూ డ్యూటీ చేయకూడదు. కళ్లముందు దొంగ కనబడ్డా అంతే.

రోజువారీ బతుకులో అన్నీ జంటలే. పిన్‌కోడ్‌లు రెండు: జర్మన్‌ది 78266, స్విస్‌ది 8238. ఫోన్ కోడ్‌లూ రెండు. అధికారిక కరెన్సీ యూరో, చేతులు మారేది ఎక్కువగా ఫ్రాంక్. బళ్లకు కోన్‌స్టాన్స్ జిల్లా నంబర్ కాదు, ‘బీ యూ ఎస్’ అని విడి నంబర్ ప్లేటు, అందులో యూ మీద రెండు చుక్కలు. అది చూడగానే స్విస్ కస్టమ్స్ వాళ్లు దాన్ని తమ బండిగానే లెక్కేస్తారు. పిల్లలు ఊరి ప్రాథమిక బడి అయ్యాక స్విస్ హైస్కూలుకైనా వెళ్లొచ్చు, జర్మన్ హైస్కూలుకైనా వెళ్లొచ్చు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్ స్విస్ లీగ్‌లో ఆడుతుంది, అలా ఆడే జర్మన్ క్లబ్ ఇదొక్కటే. రైతులకు కూడా స్విస్ వ్యవసాయ నిబంధనలే.

చాలా వీడియోలు ఇక్కడితో నవ్వించి వదిలేస్తాయి. నన్నడిగితే అసలు కథ పన్నులది. అమ్మకపు పన్ను స్విస్‌ది, 8.1 శాతం. జర్మనీలో అదే 19. ఇంతవరకూ లాభమే. ఆదాయపు పన్ను మాత్రం జర్మనీది. అంటే కూరగాయలకూ భోజనానికీ ఎక్కువగా ఉండే స్విస్ ధరలు కట్టి, జీతం మీద జర్మన్ పన్ను కట్టాలి. ఖర్చులు ఎక్కువని జర్మనీ కొంత ఊరట ఇస్తుంది గానీ తేడా పూడదు. షాఫ్‌హౌజెన్‌లో ఉద్యోగం చేసే కుర్ర జంట ఏం చేస్తుంది? నాలుగు కిలోమీటర్లు జరిగి స్విస్ వైపు ఇల్లు తీసుకుంటుంది. పెన్షనర్ల లెక్క దీనికి తలకిందులు. జర్మనీలో పెన్షన్ మొత్తం మీద కాకుండా కొంత వాటా మీదే పన్ను పడుతుంది. 2005లో, అంతకుముందు రిటైరైనవాళ్లకు సగం మీదే పన్ను, ఆ తర్వాత రిటైరైన ప్రతి బ్యాచ్‌కూ ఆ వాటా పెరుగుతూ వస్తోంది. అందుకే స్విస్ పెద్దవాళ్లు ఇటు వచ్చి ఇళ్లు కొన్నారు. కుర్రాళ్లు బయటికి, ముసలివాళ్లు లోపలికి. కొత్తగా రిటైరయ్యేవాళ్లకు ఆ లాభం తగ్గిపోతోంది కాబట్టి ఇది ఎన్నాళ్లు నడుస్తుందో చూడాలి.

రైన్ జలపాతం చూడ్డానికి షాఫ్‌హౌజెన్ వెళ్లే మనవాళ్లు చాలామందే. అక్కణ్ణుంచి బస్సుంది, వేసవిలో రైన్ మీద పడవ కూడా ఆగుతుంది. షెంగెన్ వీసా ఉంటే చాలు, పాస్‌పోర్ట్ మాత్రం జేబులో ఉంచుకోండి. జర్మనీ నుంచి కారులో వచ్చేవాళ్లు గాట్‌మాడింగెన్, రాండెగ్, డోర్ఫ్లింగెన్ మీదుగా రండి. హైవే ఎక్కరు కాబట్టి 40 ఫ్రాంకుల స్విస్ స్టిక్కర్ అక్కర్లేదు. చాలామంది దెబ్బతినేది కస్టమ్స్ దగ్గర. జర్మన్ ఊరికే కదా పోతున్నాం అని దగ్గర్లోని జర్మన్ పట్టణం సింగెన్‌లో డిక్కీ నిండా సరుకులు కొంటారు. కానీ ఊరు స్విస్ కస్టమ్స్ పరిధిలో ఉంది కదా, మాంసమైతే పన్ను లేకుండా మనిషికి ఒక్క కిలోనే తేవచ్చు. మొత్తం సరుకు విలువ పరిమితి 2025 జనవరి నుంచి 150 ఫ్రాంకులు, అంతకుముందు 300 ఉండేది. ఇంకోటి, స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్ రోమింగ్‌లో లేదు. మీ జర్మన్ సిమ్ స్విస్ టవర్ పట్టుకుంటే బిల్లు మోగిపోతుంది. ప్లాన్‌లో స్విట్జర్లాండ్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే డోర్ఫ్లింగెన్ రాకముందే మొబైల్ డేటా ఆపేయండి.