మడమ నరం పట్టేసిందా? అరవైకి దగ్గర్లో ఉన్న ట్రయాథ్లెట్ల కోసం

నమస్కారం అండి. నాకు 59వ ఏడు నడుస్తోంది, ఉండేది హైదరాబాద్‌లో. ఎనిమిదేళ్లుగా ట్రయాథ్లాన్ చేస్తున్నాను. ఈత, సైకిల్, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి. ఈ ఏడాది గోవాలో హాఫ్ ఐరన్‌మ్యాన్ చేయాలని ఫిబ్రవరి దాకా గట్టిగా ప్రాక్టీస్ చేశాను. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. ఫిబ్రవరిలో ఒకే వారంలో దూరం పెంచాను, ఎత్తు రోడ్ల మీద స్పీడ్ కూడా పెంచాను. ఆ వారమే ఎడమ మడమ పైన నొప్పి మొదలైంది.

అమ్మా, కెమెరా కాస్త కిందికి దించు. ఆ, అక్కడ. ఇదిగో చూడండి, మడమకి పైన రెండు వేళ్ల ఎత్తులో తాడులా తగులుతోంది కదా, ఇదే అకిలీస్ టెండన్. మనం నరం అంటాం గానీ ఇది నరం కాదు. పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టిన తాడు. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగులోనూ మన బరువుకి ఎన్నో రెట్లు లాగుడు దీని మీదే పడుతుంది. పారిపోయేవాణ్ని పిక్కబలం చూపించాడంటారు కదా, పరుగు బలంలో పెద్ద వాటా నిజంగానే పిక్కదే. వయసు పెరిగేకొద్దీ ఆ పిక్క సన్నబడుతుంది. పిక్క చేయాల్సిన పని కూడా ఈ తాడు మీదే పడుతుంది.

మొదట నేను వెళ్లిన చోట ఆరు వారాలు పూర్తి విశ్రాంతి అన్నారు. అలాగే చేశాను. నొప్పి పోయింది. ఏడో వారం మూడు కిలోమీటర్లు పరుగెత్తాను, మర్నాడు పొద్దున మంచం దిగి కాలు నేల మీద పెట్టలేకపోయాను. ఆ రోజు చాలా బాధపడ్డాను. విశ్రాంతితో నొప్పి తగ్గింది గానీ, తాడుకి బలం రాలేదు. ఆరు వారాలు పని లేక పిక్క ఇంకా మెత్తబడింది. ఈ టెండన్‌కి పని కావాలి, అది కొలిచి ఇవ్వాలి. వీడియోలో చెప్పేదంతా ఆ కొలత గురించే.

కొలిచేది పొద్దున్నే. మంచం దిగగానే మొదటి పది అడుగుల్లో మడమ ఎంత బిగుసుకుంది? సున్నా నుంచి పది మధ్య ఒక అంకె వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. నిన్న చేసిన పని సరిపోయిందా, ఎక్కువైందా అన్నది ఆ అంకె చెబుతుంది. వ్యాయామం చేసేటప్పుడు పదికి నాలుగు దాకా నొప్పి ఉన్నా నేను ఆపను. కానీ మర్నాటి పొద్దుటికి అది పాత స్థాయికి రావాలి. రాకపోతే ఆ రోజు తగ్గిస్తాను. మూడు రోజులు వరసగా పెరిగిందంటే ఒక దశ వెనక్కి వెళ్తాను.

ఇప్పుడు అసలు వ్యాయామం. ఇది మా మేడ మెట్లు. గోడ పట్టుకున్నాను. పాదాల ముందు భాగం మెట్టు అంచు మీద, మడమలు గాలిలో. రెండు కాళ్లతో పైకి లేస్తాను. ఇప్పుడు బాగున్న కాలు తీసేసి, నొప్పి ఉన్న కాలితోనే మెల్లగా కిందికి... ఒకటి, రెండు, మూడు. మడమ మెట్టు కంటే కిందికి దిగాలి. మళ్లీ రెండు కాళ్లతో పైకి. ఇలా 15 సార్లు, మూడు విడతలు. తర్వాత ఇదే మోకాలు కొంచెం వంచి చేయాలి, అప్పుడు లోపలి పిక్క కండరం పనిచేస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొత్తం రోజుకి 180 సార్లు, 12 వారాలు.

ఈ పద్ధతిని 1998లో స్వీడన్ సర్జన్ హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ ప్రచురించారు. ఆయన చూసిన 15 మంది సరదా రన్నర్లూ 12 వారాల తర్వాత మళ్లీ పరుగెత్తారు. అందరికీ అంత తేలిగ్గా నయం కాదండి, తర్వాత వచ్చిన పరిశోధనలు అదే చెప్పాయి. అయినా మొదలుపెట్టడానికి ఇంతకంటే ఖర్చు లేని దారి నాకు కనబడలేదు. నొప్పి తగ్గాక బ్యాగ్‌లో రెండు కిలోల బియ్యం ప్యాకెట్ వేసుకుని చేయండి, తర్వాత నాలుగు కిలోలు. ఒక జాగ్రత్త. నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గరే ఉంటే మెట్టు కిందికి దించకండి, చదును నేల మీద చేయండి. కిందికి దించితే ఎముక, తాడు ఒత్తుకుని నొప్పి పెరుగుతుంది.

ఇంట్లో ఉత్త కాళ్లతో తిరగడం మన అలవాటు. గ్రానైట్ గచ్చు మీద అలా తిరిగితే నాకు నొప్పి తగ్గలేదు. మడమ కాస్త ఎత్తుగా ఉన్న మెత్తటి చెప్పులు ఇంటి లోపలికి విడిగా పెట్టుకున్నాను. చాలా తేడా కనిపించింది.

మన వయసు వాళ్లు తప్పకుండా వినాల్సిన మాట ఒకటుంది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్‌ని దెబ్బతీయగలవు, తెగేలా కూడా చేయగలవు. 60 దాటిన వాళ్లకి, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకి ఆ ముప్పు ఎక్కువ. అమెరికాలో 2008 నుంచి ఆ మందుల మీద గట్టి హెచ్చరిక రాస్తున్నారు. మూత్రంలో మంట అనో, విరేచనాలనో మెడికల్ షాపులో అడిగి వేసుకోకండి. డాక్టర్‌కి మీ టెండన్ సంగతి ముందే చెప్పండి. షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోండి, అది కూడా ఈ తాడుని గట్టిపరిచి పాడుచేస్తుంది. వెనక నుంచి ఎవరో తన్నినట్టు టప్‌మని శబ్దం వచ్చి, మునివేళ్ల మీద నిలబడలేకపోతే అది తెగి ఉండొచ్చు. పిక్క వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఈ రెండిట్లో ఏది వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈత, సైకిల్ ఆపక్కర్లేదు. ఈతలో తొడల మధ్య పుల్ బాయ్, అంటే నీళ్లలో తేలే ఫోమ్ ముక్క పెట్టుకుని చేతులతోనే ఈదండి, గోడని బాగున్న కాలితోనే తన్నండి. సైకిల్ మీద షూని పెడల్‌కి బిగించే, షూ కింద ఉండే క్లీట్‌ని కొంచెం వెనక్కి జరిపితే పిక్క మీద లాగుడు తగ్గుతుంది. నిలబడి తొక్కకండి. నేను ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాక్ మీద తొక్కుతున్నాను. చదునుగా ఉన్నంత మేరే.

ఇక ముందు ప్లాన్. మామూలుగా రేస్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెడతాం. దెబ్బ తగిలినప్పుడు నేను కాలి దగ్గర మొదలుపెట్టి ముందుకి లెక్కపెడతాను. మెట్టు వ్యాయామానికి 12 వారాలు. తర్వాత నడక, పరుగు కలిపి 8 వారాలు. ఆ పైన రేస్ కోసం 16 వారాలు. మొత్తం 36, అంటే ఎనిమిది నెలల పైమాట. జూన్‌లో ఈ లెక్క వేసేసరికి గోవాలో నా పరుగు ఈ ఏడాది లేదని తేలిపోయింది. రెండు రోజులు మనసు బాగోలేదు. తర్వాత మా గ్రూప్‌లో ఇద్దరితో కలిసి రిలే టీమ్‌గా వెళ్దామనుకున్నాం. నాది ఈత.

మూడూ నేనే చేసేది వచ్చే ఏడాది. ఈ రేసుల్లో వయసుని బట్టి ఏజ్ గ్రూపులు చేసి, ఏ గ్రూప్ వాళ్లకి ఆ గ్రూప్‌లోనే పోటీ పెడతారు. ఆ లెక్క రేస్ జరిగే ఏడాది డిసెంబర్ 31 నాటికి ఉన్న వయసుని బట్టి ఉంటుంది. వచ్చే ఏడాది నవంబర్‌లో నాకు 60 నిండుతాయి కాబట్టి ఏ నెలలో రేస్ పెట్టినా నేను 60-64 గ్రూప్‌లోనే, అదీ అందులో చిన్నవాళ్లలో ఒకడిగా ఉంటాను. మీరూ మీ పుట్టిన ఏడాదితో లెక్క చూసుకోండి. తొందరపెట్టే మనసుకి ఇది మంచి మందు. జపాన్‌కి చెందిన హిరోము ఇనాడా 70 దాటాక ట్రయాథ్లాన్ మొదలుపెట్టారు. హవాయిలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలో కొద్ది సెకన్ల తేడాతో కటాఫ్, అంటే రేస్ ముగించాల్సిన గడువు తప్పిన తర్వాత కూడా మళ్లీ వెళ్లి, 2018లో 85 ఏళ్ల వయసులో ఫుల్ ఐరన్‌మ్యాన్ పూర్తి చేశారు. ఆయన్ని తలచుకుంటే ఒక్క ఏడాది ఆగడం నాకు భారంగా అనిపించదు.

పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలి? అరగంట చురుగ్గా నడిచినా మర్నాడు అంకె పెరగకూడదు. ఒంటికాలి మీద మడమ 20 సార్లు పైకెత్తగలగాలి. రెండూ కుదిరాకే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఆరు సార్లు. తర్వాత కనీసం రెండు రోజులు పరుగు లేదు. టెండన్ సర్దుకోవడానికి ఆ టైమ్ కావాలి.

ఒంటికాలి మీద మడమ ఎత్తడంలో నిన్న నా కుడికాలు 24 సార్లు, ఎడమకాలు 13. ఇవాళ్టిది ఇప్పుడు చేస్తున్నాను, మీరూ గోడ పట్టుకోండి. ఒకటి... రెండు... మూడు...