అర మిల్లీమీటరు మీద బేరం

శ్రోతలకు నమస్కారం.

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే మా ఓపీలో కూతుళ్లను వెంటబెట్టుకొచ్చే తల్లులు ఎక్కువవుతారు. "అమ్మాయికి మైనస్ ఐదు డాక్టరు గారూ, వచ్చే నెల పెళ్లిచూపులు. ఈలోగా లేజర్ చేసెయ్యండి" అంటారు. అబ్బాయికి కళ్లజోడుంటే బాగా చదువుకున్నాడంటారు, అమ్మాయికుంటే లోపమంటారు. ఆ తగువులోకి ఇప్పుడు పోను. ఆ తల్లికి నేను వేసి చూపించే లెక్క ఒకటుంది, అది మీకూ చెబుతాను.

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పొర కార్నియా. చాలామందికి మధ్యలో దాని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. మన ఆస్తి అంతే. సైటు తగ్గించే లేజర్ ఆపరేషన్లలో ఒకటైన లాసిక్‌లో పైనుంచి 110 మైక్రాన్ల రేకు కోసి, పుస్తకం అట్టలా పక్కకు తిప్పి, కింద లేజర్‌తో చెక్కి, మళ్లీ మూసేస్తారు. ఒక్కో పవర్‌కు 12 నుంచి 15 మైక్రాన్లు పోతాయి. మైనస్ ఐదుకు 70 అనుకుందాం. అడుగున 360 మిగిలింది. 250కి తగ్గకూడదు, నాబోటి భయస్థులకు 300 ఉంటే గానీ నిద్ర పట్టదు. అలా కాక మందం 470, సైటు మైనస్ ఎనిమిది అయితే? మీరే లెక్క కట్టుకోండి. చెక్కేసింది మళ్లీ పెరగదు.

ఈ లేజర్ వెనక మనవాడొకరున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్ 1981 నవంబరులో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలకు పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క తీసుకెళ్లి, దానిమీద అతినీలలోహిత కాంతినిచ్చే ఎక్సైమర్ లేజర్ ప్రయోగించారు. పక్క కణజాలం మాడకుండా గీత తెగింది. మైక్రాన్ల లెక్కన చెక్కగలగడం అలా సాధ్యమైంది.

మందం ఉన్నా గట్టిదనం లేని కార్నియాలుంటాయి. అసలు చిక్కు అక్కడే. పాత సైకిల్ ట్యూబులో గాలి కొడితే అరిగినచోట బుడిపె లేస్తుంది చూశారా, అలా బలహీనమైన కార్నియా లేజర్ తర్వాత ముందుకు ఉబ్బుతుంది. దీన్ని ఎక్టేసియా అంటాం. అరుదే. కానీ వచ్చిందంటే మామూలు కళ్లజోడుతో చూపు సరిగా ఆనదు. చుక్కల మందు, అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరిచే క్రాస్ లింకింగ్ చేసి ఉబ్బు ముదరకుండా ఆపుతాం, గట్టి లెన్సులు పెడతాం, మరీ ముదిరితే కార్నియా మార్పిడి. అందుకే కార్నియా వంపులను పటంలా చూపించే టోపోగ్రఫీ స్కాన్ చేయకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చేచోట ఆగకండి. ఏటా సిలిండర్ పవర్ (కార్నియా వంపు అన్ని వైపులా సమంగా లేకపోతే ఇచ్చే పవర్) మారుతున్నవాళ్లు, చిన్నప్పటి నుంచి దురదకు కళ్లు నులుముకునే అలవాటున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. పరీక్షకు ముందు మెత్తటి కాంటాక్ట్ లెన్సులైనా వారం, రెండు వారాలు మానాలి, లేకపోతే కొలతలు అబద్ధం చెబుతాయి.

ఎక్కువమందిని బాధపెట్టేది మాత్రం కళ్లు పొడిబారడం. రేకు కోసినప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు తెగుతాయి. కన్ను ఆరిపోతోందన్న కబురు అందితేనే కదా నీరు ఊరేది! ఆ కబురే ఆగిపోతుంది. ఇసుక పడ్డట్టు గరగర, సాయంత్రానికి మంట. ఏసీ గదిలో పది గంటలు స్క్రీన్ చూసే సాఫ్ట్‌వేర్ పిల్లలకు మరీనూ. మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చేయించిన పరిశీలనలో, ఆపరేషన్‌కు ముందు ఈ బాధే లేనివాళ్లలో 3 నెలల తర్వాత 100కు 30 మంది దాకా ఉందన్నారు. చూపు బాగుందని తృప్తిపడ్డవాళ్లు అదే పరిశీలనలో 95 శాతం పైనే. రెండూ నిజమే, ప్రకటనల్లో మాత్రం రెండోదే వినిపిస్తుంది. చాలామందికి ఆరు నెలలు, ఏడాదిలో సర్దుకుంటుంది. కొద్దిమందికి చుక్కల మందు సీసా జేబులో ఉండిపోతుంది.

రాత్రిపూట కంటిపాప పెద్దదవుతుంది. అది లేజర్ చెక్కిన మేర దాటితే ఎదురొచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు, చీలికలు కనిపిస్తాయి. రాత్రిళ్లు బండి నడిపి బతికేవాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోవాలి. ఇన్‌ఫెక్షన్ అరుదు. రేకు మాత్రం ఏళ్ల తర్వాతైనా గట్టి దెబ్బకు జరగొచ్చు. కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లకు రేకు కోయకుండా పైపొర తీసి లేజర్‌తో చెక్కే పీఆర్‌కే అనే పద్ధతి నయం, మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి భరించాలంతే.

ఉద్యోగం కోసం చేయించుకునేవాళ్లకు ఒక మాట. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు లాసిక్ చేయించుకున్నవాళ్లు అనర్హులని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. అది చదవకుండా అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుని, మెడికల్‌లో ఆగిపోయి నా ముందు కూర్చున్న అబ్బాయికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

నలభై దాటాక చత్వారం ఎవరికైనా వస్తుంది. మైనస్ మూడు ఉన్నవాళ్లు జోడు తీసేసి హాయిగా పేపరు చదువుకుంటారు. లేజర్ చేయించుకున్నాక ఆ సదుపాయం పోతుంది, చదవడానికి జోడు కొనాల్సిందే. అరవైలలో శుక్లం వస్తే లోపల పెట్టే లెన్సు పవర్ లెక్క కట్టడానికి ఆపరేషన్‌కు ముందటి కొలతలుంటే చాలా మేలు. పల్చబడ్డ కార్నియా మీద కంటి ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి నీటికాసుల పరీక్షప్పుడు కూడా లాసిక్ సంగతి చెప్పాలి. ఆ ఫైలు ఆసుపత్రిలో ఉంటుందిలే అనుకోకండి. ఒక నకలు అడిగి తెచ్చుకుని, పెళ్లి ఆల్బమ్ ఉన్న బీరువాలోనే పెట్టుకోండి. సెలవు.