బిల్లీ బోస్టన్: రగ్బీ లీగ్‌కు తొలి 'సర్', అదీ తొంభయ్యో ఏట

యాంకర్: నమస్కారం. 2025 జూన్‌లో బ్రిటన్ రాజు చేతుల మీదుగా రగ్బీ మాజీ ఆటగాడు బిల్లీ బోస్టన్ నైట్‌హుడ్, అంటే పేరు ముందు 'సర్' చేర్చుకునే గౌరవం అందుకున్నారు. 1895లో రగ్బీ యూనియన్ నుంచి విడిపోయి పుట్టిన రగ్బీ లీగ్ ఆటలో ఈ గౌరవం దక్కిన మొదటి మనిషి ఆయనే. కోచ్ గారూ, ముందు ఆట సంగతి చెప్పండి. వింగర్ అంటే అంచున నిలబడి, బంతి వస్తే పరిగెత్తేవాడేనా?

కోచ్: చాలామంది అలాగే అనుకుంటారండీ! జట్టుకు పదమూడు మంది. వింగర్ చోటు టచ్‌లైన్ పక్కన. కబడ్డీలో రైడర్‌ను గీత దాటించినట్టే వింగర్‌నీ మైదానం బయటికి తోసేయాలని చూస్తారు. బోస్టన్‌ను తోయడం అంత తేలిక కాదు. వేగం, బరువు రెండూ ఒకే ఒంట్లో ఉండటం అరుదు, ఆయనకు ఉన్నాయి. పక్కనే లోపలివైపు ఆడే సెంటర్‌గా ఎరిక్ ఆష్టన్. డిఫెండర్లను తన మీదికి లాక్కుని, సరిగ్గా సమయం చూసి బంతి వదిలేవాడు. ట్రై అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడం. ఆ జోడీ లేకుండా ఉత్తర ఇంగ్లండ్‌లోని లీగ్ క్లబ్బు విగాన్ తరఫున 488 మ్యాచ్‌ల్లో 478 ట్రైలు ఎక్కడివి?

విలేకరి: అంకెలే కొలమానమైతే అదే కాలపు వింగర్ బ్రయాన్ బెవాన్‌వి కెరీర్ మొత్తంలో 796 సార్.

కోచ్: బెవాన్‌ను నేను తక్కువ చేయను. కానీ ఆయన చేతికి చిక్కకుండా జారిపోయే రకం. బోస్టన్ జారిపోనూగలడు, అడ్డొచ్చినవాణ్ణి గుద్దుకుని పోనూగలడు. నా జట్టుకైతే బోస్టనే కావాలి.

యాంకర్: మేడం, వేల్స్‌లోని కార్డిఫ్ కుర్రాడు విగాన్‌కు ఎందుకు వెళ్లాడు?

చరిత్ర అధ్యాపకురాలు: పుట్టింది 1934లో, కార్డిఫ్ రేవు పక్కన టైగర్ బేలో. తండ్రిది సియెర్రా లియోన్. కుర్రాడి కల వేల్స్ ఎర్ర జెర్సీ, అంటే రగ్బీ యూనియన్, అప్పట్లో డబ్బు తీసుకోకుండా ఆడాల్సిన ఆట. సొంత ఊరి పెద్ద క్లబ్బు పట్టించుకోలేదు, నీత్ అనే మరో వెల్ష్ క్లబ్బుకు ఆడాడు. 1953లో విగాన్ వాళ్లు డబ్బుతో ఇంటికొచ్చారు. వీళ్లను ఎలాగైనా వదిలించుకుందామని తల్లి 3,000 పౌండ్లు అడిగిందట. వాళ్లు సరేనన్నారు! ఆ సంతకంతో యూనియన్ తలుపులు మూసుకుపోయాయి. డబ్బుకు ఆడినవాణ్ణి వెలివేసే ఆ పద్ధతి 1995 దాకా నడిచింది.

విలేకరి: మరీ విషాదగాథ చేయొద్దు మేడం. ఆ రోజుల్లో 3,000 చిన్న మొత్తమా? తెల్లవాళ్లయిన వెల్ష్ ఆటగాళ్లూ ఎంతోమంది ఉత్తరాదికి వెళ్లారు.

అధ్యాపకురాలు: వెళ్లారు, కాదనను. వాళ్లలో చాలామంది వేల్స్‌కు ఆడాకే వెళ్లారు. ఈయనకు ఆ వరుసే రాలేదు. అది వేరు, ఇది వేరు.

కోచ్: ఉత్తరాదిలో ఎంత త్వరగా ఎదిగాడో చూడండి. సీనియర్ జట్టుకు ఆరు మ్యాచ్‌లు ఆడాడో లేదో, 1954లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు తీసుకున్నారు. బ్రిటన్ పర్యటన జట్టులో తొలి నల్లజాతి ఆటగాడు. 18 మ్యాచ్‌లు, 36 ట్రైలు! పంతొమ్మిదేళ్ల కుర్రాడు!

అధ్యాపకురాలు: 1957 కూడా చెప్పుకోవాలి. ప్రపంచకప్ నుంచి తిరిగొస్తూ బ్రిటన్ జట్టు దక్షిణాఫ్రికాలో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడింది. అక్కడ వర్ణవివక్ష రాజ్యం. బోస్టన్ జట్టుతో వెళ్లలేదు, విడిగా ఇంటికొచ్చాడు. జట్టు మాత్రం ఆడేసింది.

యాంకర్: అయినా నైట్‌హుడ్‌కు ఇన్నేళ్లా?

విలేకరి: ఇక్కడ మేడంతో నాకు పేచీ లేదు. నైట్‌హుడ్ కంటే కింది గౌరవమైన ఎంబీఈ ఇచ్చి ఊరుకున్నారు. యూనియన్ వాళ్లకు నైట్‌హుడ్‌లు వచ్చాయి. లీగ్ అంటే గనులు, మిల్లుల పట్టణాల ఆట. దానికొక్కటీ రాలేదేమని పార్లమెంటు సభ్యులే అడగాల్సి వచ్చింది. విగ్రహాల సంగతి చూడండి, విగాన్‌లో 2016లోనే పెట్టారు. పుట్టిన కార్డిఫ్‌లో 2023లో, మరో ఇద్దరు కార్డిఫ్ లీగ్ ఆటగాళ్లు గస్ రిస్మన్, క్లైవ్ సల్లివాన్‌లతో కలిపి.

యాంకర్: సల్లివాన్ కూడా కార్డిఫ్ వింగరే కదా మేడం?

అధ్యాపకురాలు: అవును, ఆయనా ఉత్తర ఇంగ్లండ్‌లోని హల్‌కు వెళ్లాల్సి వచ్చింది. 1972లో బ్రిటన్ ప్రపంచకప్ గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే.

యాంకర్: ఆ కథ విరామం తర్వాత.