పదకొండు గెలుపుల ఏడాది, అరవై ఏడు గెలుపుల ఏడాది

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, అదీ భోజనాలయ్యాక, బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడమంటే నాకు మీమీద జాలిగానే ఉంది. వెనక వరసలో పిల్లలు ఇప్పటికే నవ్వుతున్నారు, ఈ అంకుల్‌కి ఏం తెలుసని. వాళ్ళకి నాకంటే బాగా తెలుసు, ఒప్పుకుంటాను. ఈ మాటలు వాళ్ళకి కాదు, ప్లేఆఫ్స్ టైమ్‌లో పిల్లాడు టీవీ వదలకపోతే "ఐపీఎల్ పెట్టరా" అని కసిరే వాళ్ళ నాన్నలకి.

నేను డల్లాస్ పక్కనున్న ఈ ఇర్వింగ్‌కి వచ్చింది 2005లో. మా ఊళ్ళో హైస్కూలు వెనకాల తుప్పుపట్టిన రింగు ఒకటుండేది, దానికి మేం బట్టలారేసే తాడు కట్టేవాళ్ళం, అంతే ఈ ఆటతో నా పరిచయం. ఇక్కడికొచ్చాక ఆఫీసులో పక్క సీటాయన డల్లాస్ బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ అంటే పిచ్చివాడు. ఆయనే నాకు సీజన్‌వారీ గెలుపోటముల పట్టిక చూపించాడు. సీజన్‌కి 82 ఆటలు, ఎడమవైపు గెలిచినవి, కుడివైపు ఓడినవి. చూడ్డానికి మార్కుల షీటులా ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టి చెప్తున్నా, ఆ ఎడమవైపు అంకెల్ని నమ్మకండి. ఆ ఏడాది ఎవర్ని వదులుకున్నారు, ఎవర్ని తెచ్చుకున్నారు అన్నది చూడండి. ఈ జట్టు కథంతా అక్కడే ఉంది.

మొదలు 1980. డాన్ కార్టర్ అనే డల్లాస్ వ్యాపారి, నార్మ్ సోంజు అనే ఆయన కలిసి కొత్త జట్టు పెట్టారు. అక్టోబర్ 11న మొదటి మ్యాచ్‌లోనే పక్కనున్న శాన్ ఆంటోనియో మీద 103-92తో గెలిచారు, ఊరంతా సంబరం. ఆ సీజన్ మొత్తానికి గెలిచింది 15, ఓడింది 67. మొదటి డ్రాఫ్ట్‌లో ఎంచుకున్న కికీ వాండవేగ్ అనే కుర్రాడు అసలు ఈ జట్టుకి ఆడనన్నాడు. పెళ్ళిచూపుల్లోనే పిల్ల కాదన్నట్టు! చేసేదిలేక అతన్ని డెన్వర్‌కి పంపేశారు. మరోపక్క ఎక్కడో అలాస్కాలో చిన్న లీగ్‌లో ఆడుకుంటున్న బ్రాడ్ డేవిస్ అనే అతన్ని పిలిస్తే వచ్చాడు, పన్నెండేళ్ళు ఇక్కడే ఆడాడు, అతని 15 నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా పైన వేలాడదీశారు. గొప్పవాడు రానన్నాడు, ఎవరికీ తెలియనివాడు పాతుకుపోయాడు.

డ్రాఫ్ట్ అంటే ఏంటో ఒక్క మాటలో చెప్తాను, లేకపోతే ముందుకి వెళ్ళలేం. ఐపీఎల్ వేలం లాంటిది కాదు, ఇక్కడ డబ్బుతో పాడుకోరు. ఏటా కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, ఎక్కువ ఓడినవాళ్ళకి ముందు వంతులు. పంక్తిలో చివర కూర్చున్నవాడికి ముందు వడ్డించడం అన్నమాట. అయితే కావాలని ఓడిపోయే దొంగ తెలివి పెరగకుండా 1985లో లాటరీ పెట్టారు. బాగా ఓడితే మొదటి వంతు వచ్చే అవకాశం ఎక్కువ, గ్యారంటీ మాత్రం లేదు. ఈ లాటరీ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1981లో మార్క్ అగైర్, రోలాండో బ్లాక్‌మన్ వచ్చారు. గెలుపులు 28, తర్వాత 38, తర్వాత 43. 1984లో మొదటిసారి ప్లేఆఫ్స్. అక్కడో తమాషా జరిగింది. మన జట్టు అంతదూరం వస్తుందని ఎవరూ అనుకోలేదు, వాళ్ళ సొంత రీయూనియన్ అరీనాని టెన్నిస్ టోర్నమెంటుకి ఇచ్చేసి ఉన్నారు. సియాటిల్‌తో నిర్ణయాత్మకమైన ఐదో మ్యాచ్‌కి ఇల్లు లేదు! ఎస్‌ఎంయూ యూనివర్సిటీ వాళ్ళ మూడీ కొలీసియంలో ఆడారు. చిన్న హాలు, జనం ఇరుక్కుని కూర్చున్నారు, ఓవర్‌టైమ్, 105-104తో గెలిచారు. ఆట అయిపోయిందని అందరూ లోపలికి వెళ్ళిపోయాక, ఇంకా ఒక సెకను ఉందని వెనక్కి పిలిచి మరీ ఆడించారు. సొంతింట్లో చోటులేక పక్కింట్లో పెళ్ళి చేసినట్టు జరిగిన ఆ మ్యాచ్ గురించి పాత అభిమానులు ఇప్పటికీ కళ్ళు మెరుస్తుండగా చెప్తారు.

1986-87లో 55 గెలుపులు, మొదటి రౌండులోనే ఇంటికి. 1987-88లో రెండు తక్కువ, 53, కానీ మ్యాజిక్ జాన్సన్ ఆడే లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌ని, ముందు నాలుగు గెలిచినవాళ్ళు నెగ్గే సిరీస్‌లో, ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్ళారు. చూశారా, ఎడమవైపు అంకెని నమ్మొద్దన్నది ఇందుకే.

ఆ తర్వాత పదేళ్ళు చీకటి, గబగబా దాటేద్దాం. 1990 తర్వాత 28, 22, 11, 13. అవును, 1992-93లో 11 గెలిచి 71 ఓడారు. అంత ఓడినందుకు లాటరీలో మొదటి వంతు రావాలి కదా? నాలుగోది వచ్చింది. అందరికంటే తక్కువ అవకాశం, 66 బంతుల్లో ఒకే ఒక్క బంతి ఉన్న ఆర్లాండోకి మొదటిది తగిలింది. దరిద్రం కూడా డల్లాస్‌ని చూసి నవ్వింది. 1994లో జేసన్ కిడ్ వచ్చాడు, మహా ఆటగాడు, రెండున్నరేళ్ళు తిరక్కుండానే ఫీనిక్స్‌కి పంపేశారు. 1997 ఏప్రిల్ 6న లేకర్స్‌తో ఆడుతూ మూడో క్వార్టర్లో ఈ జట్టు చేసిన పాయింట్లు రెండు. పన్నెండు నిమిషాల్లో రెండు! మా తుప్పు రింగు దగ్గర మేమే అంతకంటే మెరుగు.

ఇక 1998. మిల్వాకీతో ఒక మార్పిడి జరిగింది. ఆరో వంతులో తీసుకున్న రాబర్ట్ ట్రేలర్ అనే భారీ కుర్రాణ్ణి ఇచ్చి, తొమ్మిదో వంతులో వాళ్ళు తీసుకున్న జర్మన్ కుర్రాణ్ణి, అతనితోపాటు ఇంకొకర్ని తెచ్చుకున్నారు. ఆ ఇంకొకర్ని ఫీనిక్స్‌కి ఇచ్చి స్టీవ్ నాష్‌ని తెచ్చారు. జర్మన్ కుర్రాడి పేరు డర్క్ నోవిట్‌స్కీ, వుర్జ్‌బర్గ్ అనే ఊరి నుంచి వచ్చాడు, ఏడడుగుల మనిషి, సన్నగా, తడబడుతూ. మొదటి ఏడాది చూసినవాళ్ళు పెదవి విరిచారట. ఏడడుగుల మనిషి అంటే బాస్కెట్ కింద నిలబడి తోసుకోవాలి అన్న రోజుల్లో ఇతను దూరంగా నిలబడి షాట్లు వేసేవాడు. తర్వాత ఒక కాలు మడిచి, ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ వేసే షాట్ ఒకటి సాధన చేశాడు. కొంగ నీళ్ళలో నిలబడ్డట్టు ఉంటుంది. దాన్ని ఆపినవాడు లేడు.

2000 జనవరిలో మార్క్ క్యూబన్ 28.5 కోట్ల డాలర్లకి జట్టుని కొన్నాడు. ఇంటర్నెట్ కంపెనీ అమ్మి సంపాదించిన డబ్బు, టీ-షర్టు వేసుకుని అభిమానుల మధ్య కూర్చుని రిఫరీల మీద అరిచే ఓనర్. ఆ తర్వాత వరసగా పదకొండు సీజన్లు 50కి తగ్గకుండా గెలుపులు. మధ్యలో 2004లో నాష్‌ని వెళ్ళనిచ్చారు, అతని ఒళ్ళు ఎంతకాలం సహకరిస్తుందో అన్న లెక్కతో. అతను ఫీనిక్స్ వెళ్ళి వరసగా రెండేళ్ళు లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు. లెక్కలేసేవాళ్ళకి ఇలాగే అవుతుంది.

నేను వచ్చిన మొదటి సీజన్ 2005-06. 60 గెలుపులు, ఫైనల్స్, మయామీ మీద 2-0 ఆధిక్యం. మూడో మ్యాచ్‌లో ఆరు నిమిషాల చిల్లర ఉండగా 13 పాయింట్లు ముందున్నారు. పక్క సీటాయన నాకు ఫోన్ చేసి "అయిపోయింది, మనదే" అన్నాడు. అప్పటి నుంచి మ్యాచ్ మధ్యలో ఎవరైనా ఆ మాటంటే నేను ఫోన్ పెట్టేస్తాను. డ్వేన్ వేడ్ 42 పాయింట్లు కొట్టాడు, 98-96తో ఓడారు, తర్వాత మూడూ పోయాయి.

మరుసటి ఏడాది 67 గెలుపులు, 15 ఓటములు. పట్టికలో అన్నిటికంటే పెద్ద అంకె అదే. మొదటి రౌండులో ఎనిమిదో స్థానంలో ఈడ్చుకుంటూ వచ్చిన గోల్డెన్ స్టేట్ చేతిలో 4-2తో పోయారు. ఆ జట్టు కోచ్ ఎవరనుకున్నారు? అంతకుముందు ఎనిమిది సీజన్లు డల్లాస్ కోచ్‌గా ఉన్న డాన్ నెల్సన్. డర్క్ బలహీనతలన్నీ పెంచిన చేతులకే తెలుసు. వాళ్ళ ఊరు ఓక్లాండ్‌లో మ్యాచ్ అయ్యాక డర్క్ కోపంతో విసిరిన వస్తువుకి గోడకి బొక్క పడింది, వాళ్ళు దాన్ని పూడ్చకుండా గుర్తుగా ఉంచుకున్నారు. తర్వాత కొద్ది రోజులకి ఉత్తమ ఆటగాడి ట్రోఫీ డర్క్‌కే ఇచ్చారు. ఆ రోజు ట్రోఫీ పట్టుకున్న అతని మొహం చూస్తే, ఇంట్లో మనిషి పోయాక ప్రమోషన్ లెటర్ అందుకున్నవాడిలా ఉన్నాడు.

2011 గురించి గంట మాట్లాడగలను, కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు కాబట్టి ఒకటి రెండు చెప్తాను. 57 గెలుపులు, అంటే 2007 కంటే పది తక్కువ. అప్పటికి డర్క్‌కి 32 నిండాయి. వెళ్ళగొట్టిన కిడ్ 2008లో తిరిగొచ్చి ఉన్నాడు, 38 ఏళ్ళు, జుట్టు లేదు, పరుగు లేదు, బుర్ర మాత్రం ఉంది. జేసన్ టెర్రీ సీజన్ మొదలవకముందే చేతిమీద ట్రోఫీ బొమ్మ పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఫైనల్స్‌లో మళ్ళీ మయామీయే, ఈసారి పెద్ద స్టార్ లెబ్రాన్ జేమ్స్ కూడా అటే. మొదటి మ్యాచ్‌లో డర్క్ ఎడమ చేతి మధ్యవేలి నరం తెగింది. రెండో మ్యాచ్‌లో ఏడు నిమిషాల చిల్లర ఉండగా 15 వెనకబడ్డారు, ఈసారి ఫోన్ ఎవరూ చేయలేదు. ఒక్కో బాస్కెట్ దగ్గరికొస్తూ 93-93. చివరి సెకన్లలో డర్క్ లోపలికి దూసుకెళ్ళి, కట్టు కట్టిన ఆ ఎడమచేత్తోనే బంతిని లోపల వేశాడు. 95-93. నాలుగో మ్యాచ్ 101 జ్వరంతో ఆడాడు. ఆరో మ్యాచ్ మొదటి సగంలో 12 షాట్లలో ఒక్కటే పడింది, టెర్రీ 27 కొట్టి ఆదుకున్నాడు. గంట మోగగానే డర్క్ అందరితో గంతులేయకుండా స్కోరర్ల టేబుల్ దాటుకుని లోపలికి వెళ్ళిపోయాడు, ఏడవడానికి. జూన్ 12, టైటిల్ మనది. మా అపార్ట్‌మెంట్‌లో ఆ రాత్రి మేమిద్దరం అన్నం తినడం మర్చిపోయాం, పులిహోర మర్నాడు పొద్దున తిన్నాం.

తర్వాతి ఏళ్ళు మామూలే. 2012-13లో గెలుపులూ ఓటములూ సమానమయ్యేదాకా గడ్డం గీసుకోమని కొందరు ఒట్టు పెట్టుకుని, ఏప్రిల్ దాకా స్వాముల్లా తిరిగారు. చివరికి 41-41. 2015లో మనకి సంబంధించిన సంగతి ఒకటుంది. పంజాబ్ పల్లెటూరి కుర్రాడు సత్‌నామ్ సింగ్, ఏడడుగుల రెండంగుళాలు, 52వ వంతులో మావెరిక్స్ ఎంచుకున్నారు. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ (ఈ లీగ్ పేరు అదే) డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. ఫ్రిస్కోలో చిన్న జట్టు టెక్సాస్ లెజెండ్స్‌కి ఆడుతుంటే చూడ్డానికి వెళ్ళాం. ఎక్కువసేపు బెంచీ మీదే కూర్చున్నాడు. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు, తర్వాత రెజ్లింగ్‌లోకి వెళ్ళాడు.

2018లో మళ్ళీ ఒక మార్పిడి. అట్లాంటాకి ట్రే యంగ్‌ని ఇచ్చి స్లోవేనియా కుర్రాడు లూకా డాంచిచ్‌ని తెచ్చారు. డర్క్ ఆఖరి సీజన్, లూకా మొదటి సీజన్ ఒకటే. 2019 ఏప్రిల్ 9న సొంత మైదానంలో డర్క్ చివరి మ్యాచ్, 30 పాయింట్లు కొట్టాడు. ఒకే జట్టుకి 21 సీజన్లు! మావాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. లూకా 77 నంబరు జెర్సీ కావాలని షాపులో కూర్చుండిపోయాడు. ఖరీదు చూసి మా ఆవిడ, ఎదిగే పిల్లాడు కదా అని, పెద్దవాళ్ళ సైజు తీయించింది. మోకాళ్ళ దాకా వచ్చేది.

2022లో, కోచ్‌గా తిరిగొచ్చిన అదే కిడ్ కింద, సెమీస్ దాకా. 2024లో 50 గెలిచి ఫైనల్స్ ఆడి బోస్టన్ చేతిలో ఓడారు. ఆ మధ్యే క్యూబన్ జట్టులో పెద్ద వాటా అమ్మేశాడు. 2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి పదకొండు దాటాక ఫోన్లు మోగాయి. లూకాని లేకర్స్‌కి ఇచ్చేశారట, బదులుగా ఆంథనీ డేవిస్, ఇంకో కుర్రాడు, 2029 డ్రాఫ్ట్‌లో ఒక వంతు. రాసిన విలేకరి అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారనే అందరం అనుకున్నాం. 25 ఏళ్ళ కుర్రాడు, ఎనిమిది నెలల క్రితం ఫైనల్స్‌కి తీసుకెళ్ళినవాడు! మర్నాడు అరీనా బయట డర్క్ విగ్రహం దగ్గర జనం శవపేటిక తెచ్చి పెట్టారు. డేవిస్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు, నెల తిరిగేసరికి జట్టులో మరో స్టార్ కైరీ అర్వింగ్ మోకాలు పోయింది. జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ని తీసేయమని ప్రతి మ్యాచ్‌లో అరుపులు.

ఏప్రిల్ 9న, సరిగ్గా డర్క్ వీడ్కోలు తేదీనే, లూకా లేకర్స్ జెర్సీలో డల్లాస్ వచ్చాడు. ప్రతి సీటు మీద స్లోవేనియా భాషలో "అన్నిటికీ థాంక్స్" అని రాసిన టీ-షర్టు. వీడియో వేస్తే బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు, తర్వాత లేచి 45 కొట్టాడు. సొంత ఊరి జనం సొంత జట్టు ఓడుతుంటే చప్పట్లు కొట్టడం నేను అక్కడే చూశాను.

39-43తో సీజన్ ముగిసింది. మే 12న లాటరీ. మొదటి వంతు వచ్చే అవకాశం నూటికి 1.8. వచ్చింది! 71 ఓడిన ఏడాది రానిది, లూకాని పోగొట్టుకున్న ఏడాది వచ్చింది. కూపర్ ఫ్లాగ్ అనే 18 ఏళ్ళ కుర్రాణ్ణి తీసుకున్నారు. నవంబర్‌లో హారిసన్‌ని తీసేశారు కూడా.

మొన్న మావాణ్ణి అడిగాను, ఫ్లాగ్ జెర్సీ కొననా అని. వద్దన్నాడు. బీరువాలోంచి 77 తీసి వేసుకున్నాడు. భుజాల దగ్గర ఇప్పుడే సరిపోతోంది.