కుక్క కోసం కంచె దాటవచ్చా?

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో వేటగాళ్లు తరచు అనే మాట ఒకటుంది, కుక్కకు బోర్డు చదవడం రాదని. నిజమే. కానీ దాన్ని వదిలిన మనిషికి వచ్చు కదా! తగవంతా అక్కడే మొదలవుతుంది.

రాత్రిపూట రకూన్ వేట సంగతే తీసుకోండి. రకూన్ అంటే చెట్లెక్కే ఒక చిన్న అడవి జంతువు. కుక్క వాసన పట్టుకుని చీకట్లోకి దూసుకుపోతుంది. యజమాని బండి దగ్గరే నిలబడి చేతిలోని జీపీఎస్ తెర చూస్తుంటాడు. మెడపట్టీకున్న చిన్న యాంటెనా కుక్క ఎటు పోతున్నదీ చెబుతుంటుంది. కాసేపటికి తెరమీద ఆ గుర్తు ఒకచోట ఆగిపోతుంది. అంటే రకూన్ చెట్టెక్కింది, కుక్క ఆ చెట్టు కింద నిలబడి గొంతు చించుకుంటోంది. ఎంత పిలిచినా రాదు. చెట్టు వదలకుండా కాపలా కాయడమే దానికి నేర్పిన విద్య మరి. చిక్కల్లా, ఆ చెట్టు ‘లోపలికి రావద్దు’ అని బోర్డు పెట్టుకున్న పెద్దమనిషి భూమిలో ఉంది.

వెళ్లవచ్చా, లేదా? జవాబు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. వర్జీనియా చట్టం వెళ్లవచ్చనే అంటుంది, కానీ చాలా ఆచితూచి అంటుంది. మొదటి షరతు, వేట వేరే భూమిలో మొదలై ఉండాలి. నక్క, రకూన్ వేటగాళ్లయితే కుక్కల వెంట పోవచ్చు. జింక వంటి మిగతా జంతువుల వేటలో మాత్రం కుక్కను తెచ్చుకోవడానికే వెళ్లాలి. ఒంటిమీద తుపాకీ గానీ విల్లంబులు గానీ ఉండకూడదు, అక్కడ వేటాడకూడదు. భూమి యజమాని ఒప్పుకుంటే తప్ప బండి తీసుకెళ్లకూడదు. ‘ఎవరు నువ్వు?’ అని భూమి యజమాని అడిగితే పేరు చెప్పాలి. కావాలని చెప్పకపోతే అదే నేరం, 250 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. అసలు అనుమతి కన్నా ఈ పేరు సంగతే నాకు బాగా నచ్చింది. చీకట్లో ఇంటి వెనకాల తిరిగే మనిషి ఎవరో తెలియకపోతే ఎవరికైనా టెన్షన్ ఉండదా?

మిన్నెసోటాలోనూ ఇలాంటి వెసులుబాటే ఉంది. తుపాకీ లేకుండా, కాలినడకన వెళ్లి వేటకుక్కను తెచ్చుకోవచ్చు. కుక్క చేతికి చిక్కగానే బయటికి వచ్చేయాలి.

ఇలాంటి చట్టం లేనిచోట పాత సూత్రమే దిక్కు. కుక్క ఆస్తి కిందికి వస్తుంది. మన తప్పు లేకుండా మన వస్తువు పక్కవాడి నేలమీదికి చేరితే మర్యాదగా వెళ్లి తెచ్చుకోవచ్చునేమో గానీ, మన తప్పు వల్లే పోయిందంటే ఆ వాదన నిలవదు. కుక్కను వదిలింది మనమే అయినప్పుడు ఏం వాదిస్తాం? ఇంగ్లండులో నక్కల వేటగాళ్లు దీనిమీద కోర్టుల చుట్టూ బాగానే తిరిగారు. 1786లో ఒక కేసులో, నక్క హానికర జంతువు కాబట్టి తరుముకుంటూ పక్కవారి భూమిలోకి పోవచ్చన్నారు. 1878 నాటికి కోర్టు తేల్చి చెప్పేసింది, సరదా కోసం ఆడే వేటకు ఆ మినహాయింపు లేదని.

ఇక వర్జీనియాలో భూమి యజమానుల గోడు. బోర్డులున్న పెద్ద ఎస్టేట్ల నడుమ చిన్న నేల ముక్క ఒకటి చూసుకుని, కుక్కలు ఎటు పోతాయో తెలిసే వదిలేవాళ్లున్నారని వాళ్లంటారు. తర్వాత ‘కుక్క కోసం వచ్చాం’ అంటారట. వేటగాళ్లేమో తరతరాల ఆచారం అంటారు. నన్నడిగితే యజమానుల కోపంలోనే ఎక్కువ న్యాయం కనిపిస్తుంది. బోర్డు పెట్టిన పరాయి భూమిలోనే కావాలని కుక్కల్ని వదిలితే మాత్రం చట్టం ఊరుకోదు, మొదటిసారి 500 డాలర్ల వరకు జరిమానా వేస్తుంది.

అలాగని కోపంలో కుక్క మెడనున్న ట్రాకింగ్ పట్టీ పీకి పారేస్తే భూమి యజమానే చిక్కుల్లో పడతాడు. కుక్క దొరక్కుండా చేయాలని అలా తీసేస్తే వర్జీనియాలో ఏడాది వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. కుక్క గొర్రెల మందమీద పడితే అది వేరే కథ. పశువుల్ని చంపుతున్న కుక్కను కాల్చేందుకు చాలా రాష్ట్రాలు ఆ పశువుల యజమానికి అనుమతిస్తాయి.

హక్కున్నా సరే, ముందు తలుపు తట్టడం మంచిది. తుపాకీ బండిలో పెట్టి తాళం వేసి, కుక్క గొలుసు చేత్తో పట్టుకుని వెళ్లండి. అది చూడగానే మీరెందుకొచ్చారో సగం అర్థమైపోతుంది. మెడపట్టీమీద ఫోన్ నంబరుంటే కొన్నిసార్లు వాళ్లే ఫోన్ చేస్తారు. వేట కాలం మొదలవకముందే చుట్టుపక్కల వారితో మాట్లాడి పెట్టుకుంటే, అర్ధరాత్రి ఈ పంచాయతీ ఉండదు. ఎవరూ తలుపు తీయకపోయినా, వద్దన్నా, అక్కడి చట్టం మీవైపు లేకపోతే కంచె ఎక్కకండి. వన్యప్రాణి శాఖ అధికారికి గానీ కౌంటీ (మన జిల్లా లాంటిది) జంతు నియంత్రణ సిబ్బందికి గానీ ఫోన్ చేయండి. వాళ్లు వచ్చి భూమి యజమానితో మాట్లాడేదాకా రోడ్డుమీదే ఆగండి. సెలవు.