ఫొటోలో ఉన్న మనిషి పేరేంటండీ?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివి మొదలెట్టాలి, కానీ నాకంటే ముందు మాట్లాడినవాళ్ళంతా ఆ పని చేసేశారు, మళ్ళీ నేనూ చదివితే మీరు భోజనాలకి లేచిపోతారు. నాకిచ్చిన టాపిక్ "పాపులర్ కల్చర్‌లో, సామాజిక ఉద్యమాల్లో ఫొటోగ్రఫీ పాత్ర". పెద్ద టాపిక్కే.

పాపులర్ కల్చర్ సంగతి గబగబా చెప్పేస్తా. 1960 మార్చిలో హవానాలో ఒక సంతాపసభలో అల్బెర్టో కోర్డా చే గువేరాని ఫొటో తీశాడు, పక్కనున్న ఇంకో మనిషినీ, చెట్టుకొమ్మనీ కత్తిరించేస్తే మిగిలిందే మన టీషర్టుల మీద బొమ్మ. కోర్డాకి రాయల్టీ రాలేదు, ఆయనా అడగలేదు. కానీ 2000లో ఒక వోడ్కా ప్రకటనలో వాడితే మాత్రం కోర్టుకెళ్ళాడు. పోస్టర్లకి సరే అన్నాడు, సారాకి ఒప్పుకోలేదు. అది చాలు, ఇక ఉద్యమాల సంగతికొద్దాం, నేనొచ్చిందే అందుకు.

లూయిస్ హైన్ అని అమెరికాలో ఒక టీచరుండేవాడు. 1908 నుంచి నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ కోసం మిల్లుల్లో, బొగ్గు గనుల దగ్గర పనిచేసే పిల్లల్ని ఫొటోలు తీశాడు. గేటు దగ్గర రానివ్వకపోతే బైబిళ్ళు అమ్ముకునేవాణ్ణనేవాడు, మెషీన్ల ఫొటోల కోసం వచ్చాననేవాడు. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ముక్క ఒకటుంది. తన కోటు గుండీలు ఒక్కోటీ నేలనుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలుచుకుని పెట్టుకునేవాడు, పిల్లో పిల్లాడో పక్కన నిలబడితే తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసి ఎత్తు తెలుసుకునేవాడు, జేబులో చెయ్యి పెట్టి ఎవరికీ కనపడకుండా కాయితం మీద రాసుకునేవాడు. పేరు, వయసు, ఎత్తు, ఎన్నాళ్ళనుంచి పని, ఎన్ని గంటలు. ఎందుకంత పాట్లు? ఓనరు వచ్చి "అబ్బే, ఆ పిల్ల అక్కకి కేరేజీ ఇవ్వడానికొచ్చిందండీ" అంటాడు కాబట్టి. ఉత్త ఫొటో అయితే జాలిపడి పేజీ తిప్పేస్తాం, కింద ఆ నాలుగు లైన్లుంటే అది సాక్ష్యం. పనిపిల్లల విషయంలో అమెరికా అంతటికీ నిలబడ్డ చట్టం 1938లో వచ్చింది, అంటే ముప్పై ఏళ్ళు పట్టింది, మనం పోస్టు పెట్టిన మర్నాటికి ఏం మారలేదని నీరసపడిపోతాం. ఆయన 1940లో చేతిలో డబ్బుల్లేకుండా పోయాడు, అదింకో కథ.

ఇప్పుడు దీని పక్కన 1936 నాటి 'మైగ్రెంట్ మదర్' పెట్టి చూడండి, వలసకూలీల క్యాంపులో ఒక తల్లి ఫొటో. అమెరికా ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంజ్ తీసింది. ఆమె అంటే నాకు గౌరవమే, కానీ ఆ తల్లి పేరడగలేదని ఆమే తర్వాత రాసుకుంది. ఫొటో పేపర్లో పడి ఆ క్యాంపుకి తిండిసామాన్లు వచ్చాయి, అప్పటికి ఆ కుటుంబం అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే పేరు లోకానికి తెలిసింది 1978లో, అప్పుడావిడ అసలా ఫొటో తియ్యకపోయినా బాగుండేది, నాకొక్క పైసా రాలేదు అంది.

అధ్యక్షులవారు చీటీ పంపారు, చూశానండీ, ఐదు నిమిషాలు.

నా సొంత గోల ఒకటుంది, అది చెప్పకుండా దిగను. పెన్షన్ ఆగిపోయిందని ధర్నాలో కూర్చున్న ఒక పెద్దావిడని తీశాను. నెత్తిన కొంగు, చేతిలో అట్టముక్క, దానిమీద "ఏడు నెలల బకాయి" అని బొగ్గుతో రాసుంది. కొన్నాళ్ళకి ఒక పేపరువాళ్ళు అదే ఫొటో వేశారు, "మండుతున్న ఎండలు" అని, అట్టముక్క క్రాప్! కింద చిన్నక్షరాల్లో ఫైల్ ఫొటో. ఆ తర్వాత అదే ముఖం ఒక సంక్షేమ పథకం కరపత్రం మీద, లబ్ధిదారు అట! నాకు పేరియ్యలేదని కాదు నా బాధ, ఆవిడ మాటని కోసేశారు, ఆవిడ అడిగినదానికి సరిగ్గా వ్యతిరేకం ఆవిడ చేతే చెప్పించారు.

ఫొటో తీసేముందూ వేసేముందూ అందులో ఉన్నవాళ్ళని అడగాలి. అడగడం అంటే వద్దంటే ఊరుకోవడం కూడా. 1955లో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి పిల్లాణ్ణి మిసిసిపీలో చంపేస్తే, వాళ్ళమ్మ మేమీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచమంది, 'జెట్' పత్రిక ఆ ఫొటోలు వేసింది, పౌరహక్కుల ఉద్యమానికి అదొక మంటయింది. నిర్ణయం ఆ తల్లిది. జపాన్‌లోని మినమాటాలో పాదరసం విషంతో జబ్బుపడ్డ కూతురికి తల్లి స్నానం చేయిస్తున్న ఫొటో యూజీన్ స్మిత్ 1971లో తీశాడు, ఒప్పుకునే తీయించుకున్నారు. కానీ ఆ పిల్ల పోయి ఏళ్ళు గడిచాక తల్లిదండ్రులు మా పిల్లని ఇక విశ్రాంతి తీసుకోనివ్వండి అన్నారు, ఆ ఫొటో హక్కులున్న, ఒకప్పటి యూజీన్ భార్య ఐలీన్ స్మిత్ 1998లో ఇంక ఎవరికీ ఇవ్వనంది. అందుకే నా స్లైడ్లలో అది లేదు. ధర్నాల్లో ముఖం కనపడితే ఉద్యోగం పోయేవాళ్ళుంటారు, వాళ్ళ పేరు వేసేస్తారా? వెయ్యకూడదు కదా. ముందు అడగాలి.

సరే, ముగిస్తున్నా. లోపలికొస్తూ బయట ఎగ్జిబిషన్ చూశాను, ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, అబద్ధం చెప్పను. కింద కార్డు మీద ఫొటోగ్రాఫర్ పేరు, కెమెరా, లెన్సు, ఐఎస్‌ఓ అన్నీ ఉన్నాయి. పైన టైటిల్ "నిరీక్షణ", "బతుకు పోరు", ముడతల ముఖం ఉంటే "అనుభవం". ఆ అనుభవం ఎవరిదండీ? తీసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నా దగ్గర మార్కర్ ఉంది, భోజనాలయ్యాక రండి, పేరు తెలిసినవాళ్ళు కార్డు మీద రాసెయ్యండి. తెలియనివాళ్ళు ఫొటో తీసిన చోటికి ఒకసారి వెళ్ళిరండి, ప్రింటు కూడా పట్టుకెళ్ళండి, వాళ్ళకి చూపించండి. గోడకి పెట్టొద్దంటే దించేద్దాం, మేకులు పీకడానికి నేనూ వస్తా.